ల్యాప్‌టాప్‌లో నడిచింది, మండీలో మొరాయించింది

ప్రశ్న: సార్, మాది ఆదోని, కర్నూలులో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నా. మా మామకు పత్తి మండీ ఉంది. తూకాలు ఎక్కించి బిల్లు తీసే ప్రోగ్రాం ఒకటి పైథాన్‌లో రాశాను. నా ల్యాప్‌టాప్‌లో పైథాన్ 3.12 వెర్షన్ ఉంది, బ్రహ్మాండంగా నడుస్తోంది. మండీలోని విండోస్ 7 కంప్యూటర్‌లో 3.8 ఉంది, అక్కడ ‘ఇన్వాలిడ్ సింటాక్స్’ అని ఆగిపోతోంది. మొదటి లైన్లోనే వెర్షన్ చెక్ పెట్టి ‘కొత్త పైథాన్ కావాలి’ అని మెసేజ్ రాశా, అదీ రావట్లేదు. ‘ఇదేనా నీ చదువు’ అంటున్నాడు మామ. ఒకటే టెన్షన్.

జవాబు: తమ్ముడూ, నీ కోడ్ చూశాను. పత్తి గ్రేడును బట్టి తరుగు తీయడానికి ‘మ్యాచ్–కేస్’ వాడావు, అంటే విలువను బట్టి ఏ పని చెయ్యాలో ఎంచుకునే పద్ధతి. అది 2021 అక్టోబరులో 3.10తో వచ్చింది, 3.8కి అదేంటో తెలియదు. ఇక నీ మెసేజ్ ఎందుకు రాలేదంటావా, పైథాన్ ముందు ఫైలు మొత్తం చదివి, వ్యాకరణం కుదిరిందనుకుంటేనే ఒకటో లైను నడుపుతుంది, కాబట్టి మ్యాచ్ ఎక్కడో చివర్లో ఉన్నా నీ చెక్ దాకా రానే రాదు. చెక్‌ను వేరే చిన్న ఫైల్లో పెట్టి, వెర్షన్ సరిపోతేనే అసలు ఫైలును ఇంపోర్ట్ చెయ్యి. బిల్లు ప్రింట్ చేసే చోట ఎఫ్-స్ట్రింగ్ (మాటల మధ్యలో విలువలు ఇరికించే కోట్ల వాక్యం) లోపలా బయటా డబుల్ కోట్లే పెట్టావు, అది కూడా 3.12 నుంచే కుదురుతుంది. లోపల సింగిల్ కోట్లు పెట్టు.

నిజానికి నాకు భయం వేసింది ఇంకో లైను చూసి. లాట్ నంబరు ముందు అక్షరాలు తీసెయ్యడానికి ‘రిమూవ్‌ప్రిఫిక్స్’ వాడావు, అది 3.9లో వచ్చింది. ఇది వ్యాకరణం తప్పు కాదు, మెథడ్ లేకపోవడం అంతే, అందుకని పై రెండూ సరిచేశాక ప్రోగ్రాం చక్కగా మొదలవుతుంది, తూకాలన్నీ ఎక్కించుకుంటుంది, తీరా ఆ లైను దగ్గరకొచ్చాక, రైతు ఎదురుగా నిలబడి ఉండగా, ‘యాట్రిబ్యూట్ ఎర్రర్’ అని చతికిలబడుతుంది. మొదట్లోనే ఆగిపోయేదే నయం.

కొత్త పైథాన్ వేద్దామంటే విండోస్ 7కి 3.8యే ఆఖరు, 3.9 ఎక్కదు. ల్యాప్‌టాప్‌లో ఈఎక్స్‌ఈ (పైథాన్ విడిగా వెయ్యకుండానే నడిచే ఫైలు) చేసి తీసుకెళ్దామనుకుంటావేమో, అందులోనూ ఉండేది ఆ 3.12యే, విండోస్ 7లో లేవదు. ఈఎక్స్‌ఈ చేస్తే 3.8తోనే చెయ్యాలి. ఎవరో మార్చిన ఇన్‌స్టాలర్లు దొరుకుతాయి, లెక్కలుండే కంప్యూటర్‌లో వాటి జోలికి పోవద్దు. మ్యాచ్ తీసేసి ఇఫ్–ఎలిఫ్ రాసుకో, పది నిమిషాల పని. వాల్రస్ (:= గుర్తు) మాత్రం ఉంచుకో, అది 3.8లోనే వచ్చింది. నీ ల్యాప్‌టాప్‌లో 3.12 పక్కనే 3.8 కూడా వేసుకుని, కమాండ్ విండోలో ‘పీవై’ (py) తర్వాత ‘-3.8’, ఆపైన ఫైలు పేరు కొట్టి ఇంట్లోనే నడిపి చూడు. పాత లాట్లన్నీ ఎక్కించి చూడు, ఒక్కటి చూసి వదిలెయ్యకు. 3.8కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2024 అక్టోబరుతో ఆగిపోయాయి, ఆ కంప్యూటర్‌కి నెట్ ఇవ్వకపోవడం మంచిది. మామకు వీలైనప్పుడు కంప్యూటరే మార్పించు.

ప్రశ్న: మేడమ్ ఇచ్చిన పాత నోట్సులోని ప్రోగ్రాములు మా పాప కొడితే ఒక్కటీ నడవట్లేదు. ప్రింట్ దగ్గరే ఎర్రర్. – కడప నుంచి ఒక అమ్మ

జవాబు: అమ్మా, ఇది పై అబ్బాయి కథకు తిరగేసిన కథ. ఆ నోట్సు పైథాన్ 2ది, పాప కంప్యూటర్‌లో ఉన్నది పైథాన్ 3. పైథాన్ 2 మద్దతు 2020 జనవరి 1తో అయిపోయింది. ప్రింట్‌కు బ్రాకెట్లు పెట్టమనండి, ‘రా_ఇన్‌పుట్’ ఉంటే ‘ఇన్‌పుట్’ చేయమనండి. ఆ రెండూ ఎర్రర్ ఇస్తాయి కాబట్టి దొరికిపోతాయి. భాగహారం మాత్రం చప్పుడు చెయ్యదు. పాతదాంట్లో 5ను 2తో భాగిస్తే 2, ఇప్పుడు 2.5. నోట్సులో జవాబు 2 అని ఉంటే పాప తప్పు చేసిందని కోప్పడకండి, అక్కడ భాగహారం గీత రెండుసార్లు (//) పెడితే ఆ 2 వస్తుంది.