ఆడవాళ్ళ రేజర్, డియో, ఫేస్‌వాష్‌లకు ఎక్కువ ధరా? కొనేముందు ప్యాకెట్ వెనక ఏం చూడాలి

"ఆడవాళ్ళ రేజర్లు, డియోలు, ఫేస్‌వాష్‌లు మగవాళ్ళవాటి కంటే ఖరీదంటారు, నిజమేనా? మగవాళ్ళవే కొని వాడుకోవచ్చా?" అన్నది ప్రశ్న. రేజర్ల విషయంలో నిజమయ్యే అవకాశం ఎక్కువ, మగవాళ్ళది వాడుకోవడానికీ ఇబ్బంది లేదు. మిగతావి ఒక్కొక్కటీ విడిగా చూసుకోవాల్సిందే.

ఆడవాళ్ళ సరుకుకి ఇలా ఎక్కువ ధర ఉండటాన్ని పింక్ ట్యాక్స్ అంటున్నా ఇందులో ప్రభుత్వ పాత్ర లేదు. జీఎస్టీ సరుకును బట్టి ఉంటుంది, సీసా మీద ఎవరి బొమ్మ ఉందో దానికి అనవసరం. షాంపూ, తలనూనె, సబ్బు బిళ్ళ, షేవింగ్ క్రీమ్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ఎవరి సరుకైనా అంతే. కాబట్టి తేడా ఉంటే అది కంపెనీ పెట్టుకున్న ధరలోనే ఉంటుంది.

అందరూ చెప్పే అంకెలు న్యూయార్క్ నగర వినియోగదారుల శాఖ 2015లో చేసిన పరిశీలనవి. దాదాపు 800 సరుకులు పోల్చి చూస్తే వ్యక్తిగత సంరక్షణ వస్తువుల్లో ఆడవాళ్ళవి సగటున 13 శాతం, రేజర్ కార్ట్రిడ్జ్‌లు (హ్యాండిల్‌కి తగిలించే బ్లేడ్ల తలలు, వీటినే రీఫిల్స్ అనీ అంటారు) 11 శాతం, జుట్టుకు వాడేవి 48 శాతం ఎక్కువగా ఉన్నాయి. ఆ తర్వాత అమెరికాలోనే ఆర్థికవేత్తలు ఒకే కంపెనీ తయారుచేసిన, ముఖ్యమైన పదార్థాలు ఒకటే అయిన సరుకులను పక్కపక్కన పెట్టి చూశారు. అలా చూస్తే ఆడవాళ్ళదే ఎప్పుడూ ఖరీదు అని తేలలేదు. అంటే తేడాలో పెద్ద భాగం లోపలి సరుకు వేరు కావడం వల్లే వస్తోంది. ఈ రెండూ అమెరికా ధరలే. మన కొట్లో సంగతి తెలియాలంటే ప్యాకెట్ తిప్పి చూడాలి.

ఎమ్మార్పీ దగ్గరే యూనిట్ ధర కూడా ముద్రించి ఉంటుంది: కిలో లోపు సరుకైతే గ్రాముకి, లీటరు లోపైతే మిల్లీలీటరుకి, లెక్కపెట్టి అమ్మేదైతే ఒక్కోదానికి. పోలిక దానితో చేయండి. రెండు సీసాలు ఒకే ఎత్తున కనిపించినా ఒకదాంట్లో 100 మి.లీ., మరోదాంట్లో 80 మి.లీ. ఉండొచ్చు. ఒక మెలిక ఉంది: ఆ యూనిట్ ధర ఎమ్మార్పీ మీద కట్టింది. ఆన్‌లైన్‌లో ఒకటి 30 శాతం తగ్గింపులో, ఇంకొకటి పూర్తి ధరకి ఉంటే అట్ట మీది అంకె పనికిరాదు. మీరు కట్టే డబ్బుని పరిమాణంతో భాగించుకోవాలి.

రేజర్ దగ్గర అసలు ఖర్చు హ్యాండిల్‌ది కాదు, రీఫిల్‌ది. ఉదాహరణకి హ్యాండిల్‌తో పాటు 1 కార్ట్రిడ్జ్ ఉన్న ప్యాక్ 200 రూపాయలు, 4 రీఫిల్స్ ప్యాక్ 600 అనుకోండి. ఒక్కో రీఫిల్ 150 పడింది. మగవాళ్ళ రకంలో అదే 4 రీఫిల్స్ 480కి వస్తే ఒక్కోటి 120. మొదటి ప్యాక్ ధర చూసి హ్యాండిల్ ఎంచుకుంటే ఆ తేడా ప్రతి రీఫిల్‌కీ కడుతూనే ఉండాలి. రీఫిల్స్ ఒక రకం హ్యాండిల్‌వి ఇంకోదానికి సాధారణంగా పట్టవు. చిన్న ఊళ్ళలో మగవాళ్ళవి దొరికినంత తేలిగ్గా ఆడవాళ్ళ రీఫిల్స్ దొరకవు కూడా. పోల్చేటప్పుడు బ్లేడ్ల సంఖ్య సమానంగా ఉండేలా చూసుకోండి. 2 బ్లేడ్ల దానికీ 5 బ్లేడ్ల దానికీ ధర పోల్చి గులాబీ రంగుని తిట్టడం అన్యాయం.

రెండింటికీ నిర్మాణంలో తేడా ఉంది, కాకపోతే చిన్నది. ఆడవాళ్ళ రేజర్లలో తల గుండ్రంగా, చుట్టూ జారుడు పట్టీ వెడల్పుగా ఉంటుంది. మోకాలు, చీలమండ దగ్గర అది కాస్త సాయం. మగవాళ్ళది దవడ కోసం చేసింది కాబట్టి తల చిన్నగా ఉంటుంది. దానితో మోకాలు చేసేటప్పుడు కాలు కొద్దిగా మడిచి చర్మం బిగువుగా పెట్టుకుంటే చాలు. "మగవాళ్ళ రేజర్ వాడితే దద్దుర్లొచ్చాయి" అనేవాళ్ళలో ఎక్కువమందికి కారణం పొడి చర్మం మీద గీయడమో, మొద్దుబారిన బ్లేడో అయి ఉంటుంది. గోరువెచ్చటి నీళ్ళతో 2, 3 నిమిషాలు తడిపి, క్రీమ్ పట్టించి, ముందు వెంట్రుక వాలు వైపే, అదమకుండా గీయాలి. ప్రతి గీతకీ బ్లేడు కడగాలి. పనయ్యాక నీళ్ళు విదిలించి స్నానాలగది బయట ఆరబెడితే కార్ట్రిడ్జ్ ఎక్కువ రోజులొస్తుంది. వెంట్రుక లాగుతున్నట్టు అనిపిస్తే మార్చేయండి. షేవింగ్ క్రీమ్ ఎవరిదైనా ఒకటే, మెంథాల్ ఉన్నవి మాత్రం చంకల్లో మండుతాయి.

డియోల్లో ముందు అది చెమట ఆపేదా, వాసన కప్పేదా అని తేల్చుకోవాలి. పదార్థాల్లో అల్యూమినియం క్లోరోహైడ్రేట్ లాంటి అల్యూమినియం లవణం ఉంటే చెమట తగ్గిస్తుంది. లేకపోతే అది చెమట ఆపదు, వాసన సంగతే చూస్తుంది. మగవాళ్ళ బాడీ స్ప్రేని, ఆడవాళ్ళ రోల్-ఆన్‌ని ధరలో పోల్చేవాళ్ళు చాలాసార్లు ఈ రెండు వేర్వేరు సరుకులనే పోలుస్తున్నారు. గ్యాస్ ఉన్న డబ్బా మీద రాసిన పరిమాణంలో బ్యూటేన్, ప్రొపేన్ లాంటి వాయువులూ కలిసి ఉంటాయి, కాబట్టి గ్యాస్ లేని స్ప్రేతో మిల్లీలీటరు లెక్కన పోల్చినా తప్పుదారే. రోల్-ఆన్‌ని రోల్-ఆన్‌తోనే పోల్చి, లవణం ఒకటే అయితే వాసన నచ్చినదాన్ని తీసుకోండి.

సబ్బుకి చూడాల్సింది టీఎఫ్ఎం, అంటే అందులో ఉన్న మొత్తం కొవ్వు పదార్థం శాతం. టాయిలెట్ సోప్‌లో మొదటి గ్రేడ్‌కి కనీసం 76 శాతం, రెండో దానికి 70, మూడో దానికి 60 ఉండాలని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. 'బేతింగ్ బార్' అని రాసి ఉంటే అది వేరే కోవ, అక్కడ కనీసం 40 చాలు. అలాగని బార్లన్నీ నాసిరకం కావు, సింథటిక్ క్లెన్సర్లతో చేసినవి పొడి చర్మానికి మెత్తగానే ఉంటాయి. ఫేస్‌వాష్‌లలో తేడా రెండో వైపూ కనిపిస్తుంది: నల్లటి ట్యూబులో 'ఫర్ మెన్' అని బొగ్గు కలిపి అమ్మేదాని యూనిట్ ధర మామూలు దాన్ని మించిపోవచ్చు. షాంపూకి సీసాని చిన్న ప్యాకెట్‌తో పోల్చి చూడండి, మనదేశంలో ప్యాకెట్‌లోనే మిల్లీలీటరు చవక పడటం మామూలే.

మందుల వరసలో ఒక స్పష్టమైన ఉదాహరణ జుట్టు రాలడానికి తల మీద రాసుకునే మినాక్సిడిల్. అమెరికాలో 5 శాతం ఫోమ్ ఆడవాళ్ళ ప్యాక్‌లో పరిమాణం లెక్కన మగవాళ్ళదాని కంటే దాదాపు 40 శాతం ఎక్కువకి అమ్ముడవుతోందని 2017లో చర్మవైద్యుల పత్రికలో వచ్చింది. మందు శాతం ఒకటే, వాడే తీరు వేరు: మగవాళ్ళకి రోజుకి రెండుసార్లు, ఆడవాళ్ళకి ఒక్కసారి. మగవాళ్ళ డబ్బా కొని దాని మీది సూచన ప్రకారం వాడేస్తే ఆడవాళ్ళకి మోతాదు రెట్టింపు అవుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోకూడదు. డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి.

సెలూన్‌లో కటింగ్ ధర జుట్టు పొడవుని బట్టా, ఆడ మగ తేడాని బట్టా అని కూర్చోకముందే అడగండి.

ఇక ఫిర్యాదు సంగతి. ఒకే సరుకుకి ఆడవాళ్ళ దగ్గర ఎక్కువ ధర పెట్టడాన్ని నేరుగా నిషేధించే చట్టం మనకి లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో 2020 నుంచి, కాలిఫోర్నియాలో 2023 నుంచి ఉంది, అక్కడ ఉండే మనవాళ్ళు వాడుకోవచ్చు. ఇక్కడ మాత్రం ఎమ్మార్పీకి మించి తీసుకున్నా, ప్యాకెట్ మీద పరిమాణమో ధరో లేకపోయినా బిల్లు, ప్యాకెట్ ఫొటో పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, లేదా జిల్లా తూనికలు కొలతల శాఖ ఆఫీసుకి వెళ్ళండి. "ఆడవాళ్ళది ఖరీదు" అని ఒక్క మాట రాస్తే అక్కడ తీసుకోరు.