ఎముక విరగలేదన్నారని భుజాన్ని అట్లా వదిలెయ్యకు, బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. "ఎక్స్‌రేలో ఏం లేదన్నారు పెద్దమ్మా, ఎముక విరగలేదట, అదే తగ్గుతదిలే" అన్నావు. అంటూనే మధ్యలో ఒకసారి "అమ్మా" అని ఊపిరి బిగబట్టావు. ఏమైంది బిడ్డా అంటే, జుట్టు ముడేసుకుందామని చెయ్యి లేపానన్నావు. సంపు దగ్గర కాలు జారి, చెయ్యి ఆనించి పడి ఇవాళ్టికి పదహారు రోజులు. ఇన్ని రోజులైనా చెయ్యి జుట్టు దాకా పోవట్లేదంటే దాన్ని "ఏం లేదు" అనకూడదు. ఫోన్‌లో చెప్తే పని మధ్యలో సగం మరిచిపోతావని కూర్చుని రాస్తున్నా.

ముందు ఒకటి తెలుసుకో. ఎక్స్‌రే ఎముకనే చూపిస్తుంది. ఎముకను పట్టుకుని ఉన్న కండల కొసలు అందులో కనపడవు. తుంటి కీలైతే లోతైన గిన్నెలో కూర్చున్న బంతి లాంటిది, గట్టిగా ఉంటుంది. భుజం అట్లా కాదు. పళ్లెమంత లోతు కూడా లేని చిన్న గుంటకు పెద్ద గుండు ఆనుకుని ఉంటుంది. అందుకే చెయ్యి అన్ని దిక్కులా తిరుగుతుంది, అందుకే తేలిగ్గా దెబ్బ కూడా తింటుంది. ఆ గుండును జారకుండా పట్టేది చుట్టూ ఉన్న నాలుగు కండలు, వాటి కొసన ఉన్న పట్టీలు. రొటేటర్ కఫ్ అంటారు వాటిని. మగ్గం మీద పడుగు చూశావు కదా, ఒక పక్క పోగులు తెగితే బట్టంతా అటు గుంజుకుపోతుంది. భుజంలోనూ అంతే. చెయ్యి ఆనించి పడినప్పుడు ఆ పట్టీ కొంచెం చీలవచ్చు, పూర్తిగా తెగిపోనూ వచ్చు. ఎముక నిక్షేపంగా ఉండగానే ఇదంతా జరుగుతుంది.

నాకు ఫిజియోథెరపీ చేసిన అమ్మాయి ఒక చిన్న తేడా చూపించింది. నొప్పి చేతిని దానంతట అదే పైకి లేపమంది. తర్వాత రెండో చేత్తో పట్టుకుని మెల్లగా లేపమంది. సొంతంగా లేవదు గానీ రెండో చెయ్యి సాయం చేస్తే పైదాకా పోతుందంటే, పట్టీ దెబ్బతిన్నదేమో చూడాలి. సాయం చేసినా పోకుండా ఎక్కడో గోడ అడ్డం వచ్చినట్టు ఆగిపోతే, కీలు బిగుసుకుపోతోందని అర్థం. నువ్వూ ఒకసారి అద్దం ముందు నిలబడి చూడు, బలవంతం మాత్రం చెయ్యకు. ఏది కనపడితే అది ఆర్థోపెడిక్ డాక్టర్‌కు అదే మాటల్లో చెప్పు. "నొప్పి ఉంది" అని ఊరుకుంటే గోళీలు రాసి పంపిస్తారు. "పడిన రోజు నుంచి చెయ్యి సొంతంగా లేవట్లేదు, రాత్రి ఆ పక్కకు తిరగలేకపోతున్నా" అంటే స్కానింగో ఎమ్మారైయో రాస్తారు. పట్టీ పూర్తిగా తెగి ఉంటే ఆలస్యమైన కొద్దీ తెగిన కొస వెనక్కి ముడుచుకుపోతుంది, కండ సన్నబడుతుంది, తర్వాత ఆపరేషన్ చేసినా కుట్టడం కష్టమవుతుంది. కొంచెమే చీలితే చాలామందికి వ్యాయామంతోనే నయమవుతుంది. ఏదైనా సరే, తెలుసుకోవడం ఈ వారంలో జరగాలి. నల్లగొండలో గవర్నమెంటు మెడికల్ కాలేజీ ఆసుపత్రి నీకు దగ్గరే, లేదంటే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. ఆపరేషన్ దాకా వస్తే అది ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందేమో ముందే ఆసుపత్రిలో ఆ పథకం సంగతి చూసే ఆరోగ్యమిత్రను అడగమని అల్లుడితో చెప్పు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో నీకు తెలియదు. నువ్వప్పుడు పెళ్లై కొత్తగా కాపురానికి పోయిన దానివి, నా కష్టం ఎవరూ నీ చెవిన వెయ్యలేదు.

మన పుట్టపాకలో ఆడదాని భుజం గురించి ఎవరు మాట్లాడారు చెప్పు? నేను ఇరవై ఏళ్లకు పైగా ఆసు పోశాను, అంటే చీర నేసే ముందు పోగును మేకుల చుట్టూ తిప్పే పని. ఒక పక్క ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా మేకులు. పోగు పట్టుకుని చెయ్యి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు తిరగాలి చెయ్యి. రోజుకు రెండు చీరలకు పోస్తే పద్దెనిమిది వేలు. సాయంత్రానికి జబ్బ కాలిపోతున్నట్టు ఉండేది. రెక్కాడితే గాని డొక్కాడదు కదా, అందుకే ఎవరూ నోరు మెదపలేదు. మా అత్త భుజానికి వేడి ఇటుక గుడ్డలో చుట్టి పెట్టుకునేది, నేనూ అదే చేశాను. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం వాళ్లమ్మ లక్ష్మి పడే ఈ బాధ చూడలేకే 1999లో ఆసు యంత్రం చేశాడు. ఆమె పేరే పెట్టాడు దానికి. 2017లో మల్లేశానికి పద్మశ్రీ వచ్చిందని విన్నప్పుడు నేను ఏడ్చాను బిడ్డా. మా భుజాల నొప్పిని ఒకడు నొప్పిగా లెక్కపెట్టాడు కదా అని.

మా ఇంటికి ఆ యంత్రం వచ్చేలోపే నా భుజం పోయింది. 2004లో, నలభై రెండేళ్లప్పుడు. బిందె దించుతుంటే లోపల ఏదో పటుక్కుమంది. మన దిక్కు కీళ్ల నొప్పి అంటే ముందు నీళ్లలోని ఫ్లోరైడే గుర్తొస్తుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, నారాయణపూర్ వైపు బోరు నీళ్లు తాగి నడుములు వంగినవాళ్లను కళ్లారా చూశాం కాబట్టి ఆ భయం న్యాయమైనదే. కానీ ఫ్లోరైడ్ నొప్పి ఏళ్ల తరబడి మెల్లగా, చాలా కీళ్లలో, వెన్నులో వస్తుంది. ఒక్కనాడు ఒక్క భుజంలో పటుక్కుమనదు. "నీళ్ల నొప్పేలే" అని ఇంట్లో అందరూ అన్నారు, నేనూ నమ్మి నెల పోగొట్టుకున్నాను. నీకు కూడా ఎవరో ఒకరు ఆ మాట అంటారు. పట్టించుకోకు.

తర్వాత కట్టు కట్టే ఒకాయన దగ్గరికి తీసుకుపోయారు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, చంకలో మోకాలు ఆనించి, చెయ్యి పట్టి ఒక్క గుంజు గుంజాడు. కళ్లు బైర్లు కమ్మాయి. పసరు పట్టించి, చెయ్యి పొట్టకు ఆనించి కట్టేసి, ఇరవై ఒక్క రోజులు విప్పొద్దన్నాడు. విప్పాక చెయ్యి రావాలి కదా! రాలేదు. రవిక వెనక ముడి దాకా కాదు, నడుము దాకా కూడా పోలేదు. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే షుగర్ ఉందని అప్పుడే బయటపడింది. షుగర్ ఉన్నవాళ్లకు భుజం బిగుసుకుపోయే రోగం ఎక్కువగా వస్తుందట. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య, అందులోనూ ఆడవాళ్లకు ఎక్కువట. చెయ్యి కదలకుండా కట్టేస్తే అది ఇంకా తొందరగా పట్టేస్తుంది. ముందు కొన్ని నెలలు నొప్పి, తర్వాత కొన్ని నెలలు బిగుతు, ఆ తర్వాత మెల్లగా విడుపు. నాకు మొత్తం ఏడాదిన్నర పట్టింది. కొందరికి రెండు మూడేళ్లు కూడా పడుతుంది.

నీకూ నలభై నాలుగు, నీకూ షుగర్. అందుకే నాకు టెన్షన్. నువ్వు పదహారు రోజుల నుంచి చెయ్యి స్లింగ్‌లోనే పెట్టుకుని తిరుగుతున్నావు. అది ఎన్నాళ్లు ఉంచాలో డాక్టర్‌ను సూటిగా అడుగు. ఆయన ఉంచమన్నా సరే, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు రోజుకు నాలుగైదు సార్లు ఆడించు. బరువు మొయ్యొద్దు, గ్యాస్ బండ జరపొద్దు, రుబ్బొద్దు, పై అరలో డబ్బాలు దించొద్దు. పని మానెయ్యి గానీ కదలిక మానెయ్యకు. ఈ రెండూ ఒకటనుకునే నేను చెడిపోయాను.

రాత్రులు ఎట్లా గడపాలో చెప్తా, ఎందుకంటే అసలు నరకం అప్పుడే. వెల్లకిలా పడుకుని, నొప్పి చేతి మోచెయ్యి కింద మడతపెట్టిన దుప్పటి పెట్టు, భుజం వెనక్కి వాలకుండా ఉంటుంది. పక్కకు తిరగాలనిపిస్తే మంచి భుజం వైపు తిరిగి, ముందు ఒక దిండు పెట్టుకుని దాని మీద ఈ చెయ్యి ఆనించు, చంటిపిల్లను పొదువుకున్నట్టు. మరీ సలిపితే కుర్చీలో వెనక్కి వాలి పడుకో. నేను రెండు నెలలు అట్లాగే పడుకున్నాను. జాకెట్ తొడిగేటప్పుడు ముందు నొప్పి చెయ్యి దూర్చు, విప్పేటప్పుడు దాన్ని చివర తియ్యి. కొన్నాళ్లు ముందు హుక్కులున్నవే వేసుకో.

దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు ఐస్ పెట్టాలి. అవి ఎట్లాగూ దాటిపోయాయి కాబట్టి ఇప్పుడు వ్యాయామానికి ముందు పదిహేను నిమిషాలు వేడి కాపడం పెట్టు, తర్వాత సలిపితే ఐస్ గుడ్డలో చుట్టి పెట్టు. షుగర్ ఉన్న ఒంటికి కాలినా తొందరగా తెలియదు, వేడి ముందు మంచి చేత్తో చూసుకో. మెడికల్ షాపులో అడిగి నొప్పి గోళీలు మింగకు. రోజూ డైక్లోఫెనాక్ లాంటివి మింగితే కడుపులో పుండు పడుతుంది, కిడ్నీలకు దెబ్బ. డాక్టర్ భుజంలోకి స్టెరాయిడ్ సూది వేస్తానంటే భయపడి పారిపోకు, నొప్పి దశలో అది బాగా పనిచేస్తుంది. కాకపోతే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, నీకు షుగర్ ఉందని ముందే చెప్పు.

ఇక వ్యాయామం. ఎమ్మారై చూసి డాక్టర్ సరే అన్నాకే మొదలుపెట్టు. మొదటిది తేలిక. బల్ల మీద మంచి చెయ్యి ఆనించి ముందుకు వంగు. నొప్పి చేతిని బావిలో చేద తాడులా వదిలెయ్యి. చేతిని తిప్పొద్దు, ఒంటిని ఊపితే అదే ఊగుతుంది. రెండో దానికి గోడ కావాలి. గోడకు ఎదురుగా నిలబడి, చూపుడు వేలు, నడిమి వేలు చీమ నడిచినట్టు పైకి నడిపించు. ఎక్కడ ఆగిపోతే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి పక్కన తేదీ రాయి. మెల్లగా అట్లాగే దింపు, చెయ్యి ధబేలున వదలకు. మా వంటింటి తలుపు పక్క గోడ మీద నా గీతలు మొన్న సున్నం వేసేదాకా ఉన్నాయి. మొదటి గీత నా గడ్డం దగ్గర. ఇరవై రోజులు అక్కడే, వేలెడు కూడా పైకి పోలేదు. నేను గోడకు తల ఆనించి ఏడ్చిన రోజులున్నాయి. ఇరవై నాలుగో రోజు బియ్యపు గింజంత పైకి పోయింది. ఆ గీత చూపించి మీ పెదనాన్నను పిలిచాను.

ఎంత నొప్పి ఓర్చుకోవాలి అంటావు. చేసేటప్పుడు గుంజినట్టుండి అరగంటలో దిగిపోతే అది మంచిదే. రాత్రి నిద్ర చెడగొడితే ఎక్కువ చేశావని అర్థం, మరునాడు సగమే చెయ్యి. ఒకేసారి గంట చెయ్యకు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పదేసి నిమిషాలు చెయ్యి. ఎవరైనా నీ చెయ్యి పట్టి "నేను లాగుతా, విడిపోతుంది" అంటే దగ్గరికి రానివ్వకు, అది మీ అత్త అయినా సరే.

ఇంకొకటి. చెయ్యి తిమ్మిరెక్కి వేళ్ల పట్టు తప్పినా, భుజం ఎర్రగా వాచి జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి పో. ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం వస్తే అది భుజం సంగతి కాదు, గుండె సంగతి. ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి. అల్లుడికి కూడా ఈ మాట చదివి వినిపించు.

అల్లుడికి ఇంకోటీ చెప్పు, నువ్వు చెప్పలేకపోతే ఈ ఉత్తరం చేతికివ్వు. పిల్లల టిఫిన్లు, నీళ్లు పట్టడం, బట్టలు ఆరెయ్యడం మూడు నెలలు ఆయన, పెద్దోడు పంచుకోవాలి. నువ్వు మూలుగుతూ చేసుకుపోతే వాళ్లకు నొప్పి కనపడదు. నేను అట్లాగే దాచుకున్నాను. మీ పెదనాన్న మంచివాడే, అయినా అది ఎంత నొప్పో నెలన్నర దాకా ఆయనకు తెలియనే లేదు.

నేను శనివారం పొద్దున బస్సుకు వస్తున్నా. వారానికి సరిపడా పిండి రుబ్బి పెడతాను. సోమవారం ఆసుపత్రికి ఇద్దరం కలిసి పోదాం. పాత ఎక్స్‌రే, షుగర్ రిపోర్టులు ఒక కవర్లో పెట్టి ఉంచు. పెన్సిల్ నేనే తెస్తాను.

మీ పెద్దమ్మ,
పుట్టపాక