హోమ్ నర్సింగ్ స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇచ్చినా కేసులు ఎందుకు నిలవట్లేదు?

విజయనగరంలో హోమ్ నర్సింగ్ ఏజెన్సీ నడుపుతున్నానని, హాలు తీసుకుని రెండు రోజులు ట్రైనింగ్ ఇప్పించినా కేసులు నెల తిరక్కుండానే పోతున్నాయని రాశారు. శ్రీకాకుళంలో నాదీ ఇదే పని కాబట్టి చూసింది చెప్తాను.

హాల్లో చెప్పింది హాల్లోనే ఉండిపోతుందండీ. మేం కొత్తవాళ్లని మొదటి వారం పాత మనిషికి జతచేసి పంపుతాం. జీతం ఇస్తాం, పేషెంటుకి మాత్రం బిల్లు వేయం. దండగ అనిపిస్తుంది గానీ మధ్యలో పోయే కేసుతో పోలిస్తే ఇదే చవక.

ఏం నేర్పాలో మీ పేషెంట్లని బట్టే తేల్చుకోండి. మాకు ఉద్దానం నుంచి, అంటే కవిటి, సోంపేట, కంచిలి వైపు నుంచి డయాలసిస్ కేసులు వస్తాయి. అక్కడ ఎటు చూసినా కొబ్బరి తోటలే. నీరసంగా ఉన్నాడని ప్రేమకొద్దీ బొండాం కొట్టి ఇస్తారు. కిడ్నీలు పాడైన మనిషికి అందులోని పొటాషియం గుండె మీదికి తెస్తుంది. ఇది తెలిసినంత మాత్రాన సరిపోదు. ఇంటి పెద్దావిడ "నిన్నగాక మొన్నొచ్చి నాకు చెప్తావా" అంటే గొడవ కాకుండా ఎలా చెప్పాలో రావాలి. అందుకే మాలో ఒకరు అత్తగారి వేషం కట్టి మరీ ప్రాక్టీస్ చేయిస్తాం. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తీయకూడదు. రోజూ దాని మీద వేళ్లు ఆనించి జుమ్మనే కదలిక చూడాలి. అది ఆగితే వెంటనే డయాలసిస్ సెంటర్‌కి ఫోన్ చేయాలి.

ఇన్సులిన్ దగ్గర సిరంజి మూత రంగు చూడటం నేర్పండి. మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే వైలు (మందు సీసా)కి ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లుండే దానికి ఆరెంజి మూతది. 100 యూనిట్ల మందుని ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కించేసినట్టే.

ఇక వ్యాపారం సంగతి. డబ్బు పంపేది హైదరాబాద్‌లో ఉన్న కొడుకు, చూసుకునేది ఇక్కడి కోడలు. ఆయనకి కనపడేది బిల్లొక్కటే. మంచం పక్కన నోటుబుక్ పెట్టి, ఎన్నింటికి ఒత్తిగిలించారు, ఎంత తిన్నారు, యూరిన్ ఎంత వచ్చింది రాయించండి. సాయంత్రం ఆ పేజీ ఫోటో వాట్సాప్‌లో పంపాలి. మాకు బిల్లు గొడవలు చాలావరకు తగ్గింది దీనివల్లే. రెండు గంటలకోసారి తిప్పినట్టు రాత్రంతా ఒకే ఊపులో, ఒకే పెన్నుతో రాసి ఉంటే అది తెల్లారాక రాసిన లెక్క! సూపర్‌వైజర్ చెప్పాపెట్టకుండా వెళ్లి పేషెంటు వీపు, మడమల మీద పుండ్లు పడుతున్నాయేమో చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

సంక్రాంతికి, మీకైతే సిరిమానోత్సవం వారానికీ, సగం మంది సెలవడుగుతారు. బదులు వెళ్లే మనిషిని ముందే ఒకసారి ఆ ఇంటికి పంపి పేషెంటుకి పరిచయం చేయించండి. స్టాఫ్ మిమ్మల్ని దాటి ఇంటివాళ్లతో నేరుగా మాట్లాడుకుంటారన్న భయం ఏజెన్సీ వాళ్లందరికీ ఉంటుంది. జీతం తేదీ దాటకుండా ఇస్తే ఆ బేరాలు చాలావరకు ఆగుతాయి, బాండ్ పేపర్ల మీద సంతకాలతో ఆగవు.