వారంటీ పోయిన చోట అప్పు పెడతారా?

ప్రశ్న: నా వయసు 33. ప్రైవేటు ఉద్యోగం. ఇంట్లో భార్య, నాలుగేళ్ల పాప, అమ్మానాన్న. 22 నెలల క్రితం ఐదేళ్ల లోన్ మీద టర్బో పెట్రోల్ కారు కొన్నాను. మూడేళ్ల వారంటీ ఉంది. 14వ నెలలో స్టేజ్ 1 రీమ్యాప్ (విడిభాగాలు మార్చకుండా ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) చేయించి, ఆ ఖర్చు క్రెడిట్ కార్డు మీద 12 ఈఎంఐలుగా పెట్టుకున్నాను. పోయిన నెల హైవే మీద టాప్ గేర్‌లో నెమ్మదిగా వెళ్తూ, ముందున్న బండిని దాటడానికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. టప్‌మని శబ్దం వచ్చింది. ఇంజిన్ వణికింది, చెక్ లైట్ వెలిగింది, వెనక నీలం పొగ. కారును ముందు రీమ్యాప్ చేసిన ట్యూనర్ దగ్గరికి లాగించుకెళ్లాను. అతను కంపెనీ ఫైల్ (అసలు సాఫ్ట్‌వేర్) మళ్లీ ఎక్కించాకే సర్వీస్ సెంటర్‌కు పంపాను. మూడో సిలిండర్ పిస్టన్ విరిగిందన్నారు, వారంటీ రాదన్నారు. ఎలాగూ ఇంజిన్ విప్పుతున్నారు కాబట్టి ఫోర్జ్‌డ్ (మామూలువాటికన్నా గట్టి) పిస్టన్లు, రాడ్లు వేయించి, పవర్ ఇంకా పెంచే స్టేజ్ 2కి వెళ్దామనుకుంటున్నాను. దానికి కావాల్సిన డౌన్‌పైప్‌కు (టర్బో నుంచి పొగ బయటికి వెళ్లే గొట్టం) అడ్వాన్స్ కూడా ఇచ్చాను. పర్సనల్ లోన్ మంచిదా, కారు లోన్ మీద టాప్-అప్ మంచిదా? మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి గానీ కదపడం ఇష్టం లేదు. ఎమర్జెన్సీ ఫండ్ కొంచెం ఉంది, మిగతాదానికి ఎలాగూ కార్డు లిమిట్ ఉంది.

జవాబు: రెండు లోన్లలో ఏది మంచిదని అడిగారు. మీరు అనుకుంటున్న పనికి రెండూ వద్దు.

మీ మెయిల్‌ను జవాబు కోసం ఎంచుకోవడానికి కారణం ఇంజిన్ కాదు, మీ ఆఖరి వాక్యం. ‘ఎలాగూ కార్డు లిమిట్ ఉంది’ అన్నారు. ఇదే మాట వారానికి ఒకసారైనా ఎవరో ఒకరు నాకు రాస్తుంటారు. కారు బదులు ఒకరు ఇంటి రిపేరు అంటారు, ఇంకొకరు ఆపరేషన్ అంటారు. కార్డు లిమిట్ మీ డబ్బు కాదు. అవతలివాళ్లు ఎప్పుడైనా తగ్గించగలిగే అప్పు అది. పైగా మార్కెట్‌లో దొరికే అప్పుల్లో దాదాపు అన్నిటికన్నా ఖరీదైనది. దాన్ని ఎమర్జెన్సీ ఫండ్ పక్కన కూర్చోబెట్టకండి.

మీరు పంపిన లెక్క చూశాను. మీ నెల జీతాన్ని 100 అనుకుందాం. అద్దె 26, ఇంటి ఖర్చులు, పెద్దవాళ్ల మందులు కలిపి 34, కారు ఈఎంఐ 24, ట్యూనింగ్ తాలూకు కార్డు ఈఎంఐ 6. మిగిలేది 10. చేతిలో ఉన్న ఎమర్జెన్సీ ఫండ్ 55, అంటే మూడు వారాల ఖర్చు కూడా కాదు. ఐదుగురు ఒకే జీతం మీద బతుకుతున్న ఇంట్లో ఉన్న రక్షణ అదొక్కటే.

కారు కొన్నప్పుడు మీకు ఇంకో రక్షణ కూడా ఉండేది. అదే వారంటీ. దాని ఖర్చు కారు ధరలోనే కలిపి కట్టేశారు. మూడేళ్లపాటు ఇంజిన్‌కు ఏమైనా అయితే వేరేవాళ్ల జేబులోంచి పోయేది. 14వ నెలలో రీమ్యాప్ చేయించిన రోజు, ఆ రిస్కును మీరు నెత్తికెత్తుకున్నారు. బీమా కంపెనీ చేయాల్సిన పనిని 55 చేతిలో పెట్టుకుని మీరే చేశారు. అసలు తప్పు ఇదీ. రీమ్యాప్ చేయించుకోవడం సరదా, దాని జోలికి నేను పోను. వారంటీ వదులుకునేవాళ్లు కనీసం ఒక ఇంజిన్ ఖరీదు విడిగా బ్యాంకులో పెట్టుకుని ఆ పని చేయాలి. పెట్టుకోలేకపోతే అది వాళ్లకు అందుబాటులో ఉన్న సరదా కాదు.

‘కంపెనీ ఫైల్ మళ్లీ వేసేస్తాం, ఎవరికీ తెలియదు’ అనే మాట దాదాపు ప్రతి ట్యూనింగ్ షాపులోనూ వినిపిస్తుంది. తెలుస్తుంది. ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు రాశారో లెక్కపెట్టే కౌంటర్ చాలా కార్లలో ఉంటుంది. కంపెనీ ఫైల్ మళ్లీ ఎక్కించినప్పుడు కూడా ఆ అంకె ఇంకోటి పెరుగుతుందే తప్ప వెనక్కి తిరగదు. కంపెనీ సర్వర్‌లో మీ కారుకు రెండుసార్లు రాసినట్టు ఉండి, కారులో నాలుగు కనిపిస్తే ఇంక అడగడానికేముంది? ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ కార్లలో ఇలా దొరికిపోయిన కారుకు టీడీ1 అనే గుర్తు వేస్తారు. కంపెనీ రికార్డులో అది పడ్డాక ఇంజిన్ క్లెయిమ్ తీసుకెళ్తే తిప్పి పంపడానికి వాళ్లకు వేరే కారణం వెతుక్కోవాల్సిన పని లేదు. సెన్సర్ వైర్ల మధ్య తగిలించే ట్యూనింగ్ బాక్సుల సంగతీ అంతే. బాక్సు తీసేస్తారు సరే, ఇంజిన్‌లో లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం, లోడు, వేడి ఎంతున్నాయో కంప్యూటర్ దాచుకున్న లెక్కను ఎవరు తీస్తారు?

మీరు పంపిన ఫొటోలు ఇంజిన్లు కట్టే ఒక మిత్రుడికి చూపించాను. పిస్టన్ తల బాగానే ఉంది, కరిగిన మచ్చ లేదు. రింగులు కూర్చునే రెండు గాడుల మధ్య అంచు మాత్రం చిటికెన వేలి గోరంత మేర ఊడిపోయింది. ‘రింగ్ ల్యాండ్ పోయింది. టాప్ గేర్‌లో, తక్కువ ఆర్‌పీఎంలో ఫుల్‌గా తొక్కాడా?’ అని అడిగాడు. మీ మెయిల్ అతనికి చదివి వినిపించలేదు, ఫొటోలే చూపించాను.

డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతి) ఉన్న చిన్న టర్బో ఇంజిన్లకు తెలిసిన జబ్బే ఇది. తక్కువ వేగం, ఎక్కువ లోడు ఉన్నప్పుడు, సిలిండర్‌లో ఉన్న ఆయిల్ తుంపరో మసి కణమో స్పార్క్ కన్నా ముందే మంట అంటిస్తుంది. పైకి వస్తున్న పిస్టన్‌కు ఎదురుగా పేలుడు. మామూలు నాకింగ్ (స్పార్క్ పడ్డాక ఇంధనం అదుపు తప్పి పేలడం) అయితే సెన్సర్ పసిగట్టి స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. ఇది స్పార్క్‌తో పని లేకుండా మొదలవుతుంది కాబట్టి టైమింగ్ మార్చి ఆపలేరు. ఈ గొడవ వల్లనే అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ఇంజిన్ ఆయిల్ ప్రమాణాల్లో 2018లో ఎస్‌ఎన్ ప్లస్ అనే గ్రేడు వచ్చింది, 2020లో వచ్చిన ఎస్‌పీలోనూ ఆ రక్షణ ఉంది. కారు తయారు చేసేవాళ్లు సరిగ్గా ఈ భయంతోనే తక్కువ ఆర్‌పీఎంలో టార్క్‌ను (ఇంజిన్ తిప్పే బలాన్ని) అదుపులో పెడతారు. రీమ్యాప్ ముందుగా విప్పేది ఆ కళ్లేన్నే. ఎందుకంటే టెస్ట్ డ్రైవ్‌లో కస్టమర్ వీపు సీటుకు అతుక్కునేది అక్కడే.

మీరు జత చేసిన ట్యూనర్ బిల్లులో అడుగున ఒక లైను ఉంది, చదివారా? ‘ఫైల్‌కు లైఫ్‌టైమ్ వారంటీ.’ నిజమే, ఫైల్‌కు ఏమీ కాలేదు.

ఇక ఫోర్జ్‌డ్ ఆలోచన. సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్ మీ లెక్కలో 380. ఫోర్జ్‌డ్ పిస్టన్లు, రాడ్లు, డౌన్‌పైప్, స్టేజ్ 2 కలిపి మీ ట్యూనర్ రాసిచ్చింది 700. వడ్డీ 14 శాతం, మూడేళ్ల గడువు అనుకుంటే 700కు నెలకు సుమారు 24. మీ కారు ఈఎంఐ ఎంతో సరిగ్గా అంతే! ఒకే కారుకు రెండు కార్ల ఈఎంఐ కడతారన్నమాట, నెలకు మిగిలేది 10 అయినప్పుడు. వడ్డీ కిందే 160 పైచిలుకు పోతుంది. దాంతో అయిపోతుందా అంటే, అదీ లేదు. పిస్టన్లు గట్టిపడితే దెబ్బ తర్వాతి బలహీనమైన చోట పడుతుంది. క్లచ్ జారడం మొదలవుతుంది, గేర్‌బాక్స్ మూలుగుతుంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ కార్లలో వచ్చే ఏడు గేర్ల డ్రై క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డీఎస్‌జీ డీక్యూ200నే తీసుకోండి, దాన్ని గరిష్ఠంగా 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కు తయారు చేశారు. మన దగ్గర దానితో వచ్చే 1.5 టీఎస్‌ఐ టర్బో పెట్రోల్ ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడే 250 ఇస్తుంది. అక్కడ పెంచడానికి జాగా ఎక్కడుంది? ‘ఎలాగూ విప్పాం కదా’ అన్న మాటతో ఇళ్లు కట్టేవాళ్లు ఎంత మునిగారో నేను చూశాను. కార్లవాళ్లు వాళ్లకేం తీసిపోరు.

టాప్-అప్ అయితే వడ్డీ ఒకటి రెండు శాతం తగ్గొచ్చు గానీ కదలని కారు మీద బాకీ పెరుగుతుంది. మీ పాత లోన్‌లో ఇంకా 38 వాయిదాలున్నాయి, అసలు బాకీయే దాదాపు 790 ఉంటుంది. ఇంజిన్ పోయిన కారు అమ్మితే అంత రాదు, కాబట్టి అలాగే అమ్మేసే దారి కూడా ప్రస్తుతానికి మూసుకున్నట్టే.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. కారును కంపెనీ నుంచి వచ్చినట్టే బాగుచేయించండి. మీ మ్యూచువల్ ఫండ్లు పన్ను పోను 310 ఉన్నాయన్నారు. అవి తీయండి. ‘ఫండ్లలో 12 శాతం వస్తుంది, ఎందుకు కదపాలి’ అని రాశారు. వస్తుందో లేదో తెలియని 12 కోసం, కచ్చితంగా కట్టాల్సిన 14 నెత్తిన పెట్టుకుంటారా? మిగిలిన 70కి మాత్రం ఏడాది గడువుతో చిన్న లోన్ తీసుకోండి, నెలకు 6 చిల్లర పడుతుంది. మీకు మిగిలే 10లో అది సరిపోతుంది. అప్పు విషయంలో నేను ఒప్పుకునేది ఇంతవరకే. ఆ 55 జోలికి మాత్రం వెళ్లొద్దు. కారు ఆగినా ఆఫీసుకు బస్సులో వెళ్లగలరు. అమ్మగారి మందులు ఆగడానికి వీల్లేదు.

ఎస్టిమేట్ ఒప్పుకునే ముందు రెండు పనులున్నాయి. మొదటిది, విరిగిన ముక్క ఎటు పోయిందో అడగండి. ఎగ్జాస్ట్ వాల్వ్ దాటి వెళ్లి ఉంటే టర్బో రెక్కలకు తగిలి ఉండొచ్చు. నిమిషానికి లక్షకు పైగా తిరిగే ఆ చక్రానికి చిన్న సొట్ట పడినా, కొత్త పిస్టన్లు వేశాక మళ్లీ గ్యారేజీకే రావాలి. సిలిండర్ గోడ మీద గీతలున్నాయేమో కూడా చూపించమనండి. ఆ మాట ఎస్టిమేట్‌లో రాసి ఉండాలి. బయట నమ్మకమైన గ్యారేజీలో ఇంకో ఎస్టిమేట్ తీసుకుంటే 380 ఇంకా దిగొచ్చు. వాడిన ఇంజిన్ వేద్దామంటే మాత్రం ఇంజిన్ నంబరు మారుతుంది. ఆ కాగితాల పని, లోన్ ఇచ్చినవాళ్ల అనుమతి ముందే చూసుకోండి.

రెండోది, వారంటీ రాదన్న సంగతిని కాగితం మీద తీసుకోండి. దేనికి రాదో స్పష్టంగా రాయించండి. ఇంజిన్, గేర్‌బాక్స్‌కేనా, కారు మొత్తానికా? రీమ్యాప్‌తో సంబంధం లేని ఏసీ, స్టీరింగ్, కరెంటు పనులకు వారంటీ మిగలడం మామూలే. ఇంకా 14 నెలలు ఉంది కాబట్టి మీకు అది అక్కరకొస్తుంది. ట్యూనింగ్ చేయించలేదని మాత్రం వాళ్లతో వాదించకండి. అబద్ధం దొరికాక, రావాల్సినవి కూడా రావు.

బీమా సంగతి మీరు అడగలేదు గానీ చాలామందికి ఇక్కడే భ్రమ. మోటార్ పాలసీ ప్రమాదానికి ఇస్తుంది, లోపల విరిగిన పిస్టన్‌కు ఇవ్వదు. పైగా ఏడెనిమిది నెలలు బీమా కంపెనీకి చెప్పకుండా మార్పు చేసిన కారు నడిపారు. ఆ రోజు హైవే మీద పిస్టన్‌తో పోయింది. యాక్సిడెంటే అయి ఉంటే క్లెయిమ్ దగ్గర ఈ ప్రశ్న వచ్చేది, అవతలివాళ్లకు కట్టాల్సిన డబ్బు దాకా వెళ్లేది. తలచుకుంటే నాకే టెన్షన్‌గా ఉంది. టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఉందో లేదో రాయలేదు. లేకపోతే కారు గ్యారేజీ నుంచి వచ్చేలోపు తీసుకోండి.

నాలుగు నెలల్లో కార్డు ఈఎంఐ అయిపోతుంది. ఆ 6ను ఖర్చుల్లో కలిసిపోనివ్వకండి. కార్డు బాకీ తీరాక మీ నెల ఖర్చు 84కు దిగుతుంది గానీ, పెద్దవాళ్లున్న ఇల్లు కాబట్టి నేను 90 లెక్కనే ఆరు నెలలకు 540 ఎమర్జెన్సీ ఫండ్ అడుగుతాను. ఈ చిన్న లోన్ తీరేదాకా కొంచెం కొంచెంగా, ఆ తర్వాత నెలకు 16 చొప్పున వేస్తూ పోతే సుమారు 37 నెలలకు నిండుతుంది. కారు లోన్ తీరేది 38వ నెలలో. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. మీ వారంటీ మూడేళ్లకే అయిపోతుంది, లోన్ ఐదేళ్లు. కారు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నా సరే, ఆఖరి రెండేళ్లు కారుకు ఏమైనా మీదే భారం. కొనేటప్పుడు ఈ రెండేళ్ల గురించి ఆలోచించినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

మళ్లీ రీమ్యాప్ ఎప్పుడు అంటారా? 540 నిండి, లోన్ తీరి, ఒక ఇంజిన్ ఖరీదు వేరే ఖాతాలో ఉన్నప్పుడు, బీమా కంపెనీకి చెప్పి చేయించుకోండి. అప్పుడు నన్ను అడగనక్కర్లేదు.

ఈ వారంలోనే ట్యూనర్ దగ్గరికి వెళ్లి డౌన్‌పైప్‌కు ఇచ్చిన అడ్వాన్స్ వెనక్కి అడగండి. పైప్ ఇంకా ఆర్డర్ పెట్టలేదని మీరే రాశారు కాబట్టి ఇవ్వకపోవడానికి కారణం లేదు. ఎంత వచ్చినా ఆ 55లో వేయండి.