పదిహేడేళ్ల అబ్బాయి బట్టల బ్రాండ్ పెడతానంటే రెండు లక్షలు ఇవ్వొచ్చా?

గుంటూరు నుంచి ఒక గవర్నమెంట్ టీచరమ్మ రాశారు. బాబు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, స్ట్రీట్‌వేర్ అంటే కుర్రకారు వేసుకునే వదులు టీషర్టులు, హుడీల లాంటి బట్టల బ్రాండ్ పెడతానంటున్నాడట, పేరు పెట్టేశాడు, లోగో అయిపోయింది, ఇన్‌స్టా పేజీలో అనిమే (జపాన్ కార్టూన్) బొమ్మలతో డిజైన్లు పెడుతుంటే ఫాలోవర్లు బానే వస్తున్నారు, రెండు లక్షలు ఇవ్వు బీటెక్ నాకొద్దు అంటున్నాడు, వాళ్ల నాన్నగారికి మెడికల్ షాపు, ఆయన ఈ మాట ఎత్తితేనే లేచి వెళ్లిపోతున్నారు, ఏం చేయమంటారు అని.

అమ్మా, ముందు కంగారు పడకండి. పిల్లాడు పనికిమాలిన పనేం అడగట్లేదు. కాలిఫోర్నియాలో షాన్ స్టూసీ అనే ఆయన సర్ఫ్‌బోర్డులు చేసి అమ్ముకుంటూ, వాటి మీద పెట్టే సంతకాన్నే టీషర్టుల మీద వేసి అమ్మాడు, 1980ల్లో స్టూసీ బ్రాండ్ అలాగే పుట్టింది. మన దేశంలో బేవకూఫ్ అనే బ్రాండు 2012లో పెట్టింది కూడా ఐఐటీ బాంబేలో చదివిన ఇద్దరు కుర్రాళ్లే. కాకపోతే స్టూసీ టీషర్టు వేసేనాటికే ఆయన దగ్గర బోర్డులు కొనేవాళ్లు ఉన్నారు. మీవాడి దగ్గర లోగో ఉంది, కొనేవాళ్లు ఉన్నారో లేదో ఇంకా తెలీదు. ఫాలోవర్లు వేరు, ఫోన్ తీసి టీషర్టుకి 799 రూపాయలు కొట్టేవాళ్లు వేరు.

అందుకే రెండు లక్షలు ఇవ్వొద్దు. అలాగని వద్దని కూడా అనొద్దు. ఒకే డిజైన్, ఒకే రంగు, 50 పీసులు, దానికి సరిపడా ఇరవై, పాతిక వేలు ఇవ్వండి. షరతు ఒక్కటే, అందులో సగమైనా ముక్కూ మొహం తెలియనివాళ్లు కొనాలి. క్లాస్‌మేట్లు, బాబాయి పిల్లలు, మీ స్కూల్ స్టాఫ్ మొహమాటానికి కొంటారు, ఆ అమ్మకం చూసి ఏదీ తేల్చుకోలేం.

లెక్క వాడి చేతే కట్టించండి, నేను ఉజ్జాయింపుగా చెప్తున్నా. ఇంత చిన్న బ్యాచ్‌లో కాస్త మందం బట్టతో ఓవర్‌సైజ్డ్ టీషర్టు ప్రింటుతో కలిపి 400 దాకా పడుతుంది అనుకుందాం, లేబులూ ప్యాకింగూ 40, కొరియర్ 80, ఆన్‌లైన్లో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే వాళ్లు 2 శాతం చొప్పున ఓ 16, జీఎస్టీ 5 శాతం కింద 38, 799లో ఇవన్నీ పోతే మిగిలేది 225. అంటే యాభై అమ్మితే పదకొండు వేల చిల్లర, అదీ అన్నీ అమ్ముడైతే, యాడ్స్‌కి రూపాయి పెట్టకపోతే, క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి ఒక్కటి కూడా వెనక్కి రాకపోతే. వెనక్కొచ్చిన ప్రతి పీసుకీ రానూపోనూ కొరియర్ చార్జీ వాడి నెత్తినే. మొదటి బ్యాచ్‌కి ప్రీపెయిడ్ మాత్రమే పెట్టమనండి.

ఇక బట్ట. నా దగ్గరికి ఈ కలతో వచ్చే పిల్లలు ఎక్కువమంది లోగో మీద నెలలు కూర్చుంటారు, బట్టని చేత్తో పట్టుకుని చూడరు, అది చూసి నాకు నిజంగా బాధేస్తుంది. తమిళనాడులో టీషర్టుల తయారీకి పేరున్న తిరుప్పూర్ వెళ్లమనండి, నాన్నగారు తోడు వెళ్తే మరీ మంచిది, విజయవాడ మీదుగా కేరళ వెళ్లే రైళ్లు కొన్ని అక్కడ ఆగుతాయి. బట్ట మందాన్ని జీఎస్ఎంలో చెప్తారు, అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందని. మీవాడు 240 జీఎస్ఎం బట్ట అడిగాడనుకోండి, యూనిట్లలో జీఎస్ఎం కట్టర్ అని గుండ్రటిది ఒకటి ఉంటుంది, బట్ట మీద పెట్టి తిప్పితే వంద చదరపు సెంటీమీటర్ల ముక్క తెగుతుంది, దాన్ని చిన్న కాటా మీద పెడితే 2.4 గ్రాములు తూగాలి, అప్పుడే అది 240 జీఎస్ఎం. 1.9 తూగితే 240 అని చెప్పి 190 అంటగడుతున్నట్టే. అక్కడే ఖాదర్‌పేటలో ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్, అంటే ఎగుమతి ఆర్డర్లలో మిగిలిపోయిన సరుకు, చవగ్గా దొరుకుతుంది, నేర్చుకోవడానికి చూడొచ్చు కానీ బ్రాండుకి తీసుకోవద్దు, మళ్లీ అదే బట్ట అదే రంగులో కావాలంటే దొరకదు.

శాంపిల్ ఇంటికి తెచ్చాక ఉతక్కముందే దాని మీద పెన్నుతో పది అంగుళాల గీత నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీసి, మూడుసార్లు ఉతికి ఆరేసి టేపుతో కొలవమనండి. పది తొమ్మిదిన్నరకి వచ్చిందంటే ఆ బట్ట వద్దు. పక్క కుట్టు మెలి తిరిగి పొట్ట మీదకి వచ్చిందేమో, మెడ చుట్టూ ఉండే రిబ్ పట్టీ సాగిందేమో, ప్రింటు పగిలిందేమో కూడా చూడాలి. మొదటిసారి కొన్నవాడు రెండోసారి కొంటాడా లేదా అన్నది ఎక్కువగా ఇక్కడే తేలిపోతుంది.

అనిమే బొమ్మలు మాత్రం తీసేయించండి. ఆ బొమ్మలకి హక్కుదారులు ఉన్నారు, హీరోల ఫోటోలైనా అంతే, పేజీలో పెట్టుకుంటే ఎవరూ పట్టించుకోకపోవచ్చు కానీ టీషర్టు మీద వేసి డబ్బు తీసుకుంటే నోటీసు వచ్చే అవకాశం ఉంది. అయినా సొంత గీత లేకుండా బ్రాండ్ ఎందుకు చెప్పండి? వాడు పుట్టిపెరిగిన ఊరు గుంటూరు, మిర్చి యార్డు గోతాల మీద పడే స్టెన్సిల్ అక్షరాలు ఉన్నాయి, తెలుగు లిపిలోనే బోలెడంత పని ఉంది. పెట్టుకున్న పేరు ఇంకెవరైనా తీసుకున్నారేమో ట్రేడ్‌మార్క్ సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు, అందులో బట్టల విభాగం క్లాస్ 25, వ్యక్తిగతంగా ఆన్‌లైన్లో అప్లై చేస్తే ఫీజు 4,500. వెతకడం ఇప్పుడే, ఫీజు కట్టడం బ్యాచ్ అమ్ముడయ్యాక.

కాగితాల సంగతి. పద్దెనిమిది నిండకుండా వాడు చేసుకునే ఒప్పందం చట్టం ముందు నిలవదు కాబట్టి పెద్దవాళ్ల పేరు మీదే నడవాలి, మీరు గవర్నమెంట్ టీచరు కదా, కాండక్ట్ రూల్స్ ఉంటాయి, మీ పేరు వద్దు. నాన్నగారి షాపుకి జీఎస్టీ ఉంటే అందులోనే దీన్నీ చేర్చొచ్చేమో ఆడిటర్‌ని అడగండి. టర్నోవర్ తక్కువ కదా జీఎస్టీ ఎందుకు అని చాలామంది అనుకుంటారు, కానీ వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే మొదటి పీసు నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి, గుంటూరు నుంచి హైదరాబాద్‌కి పంపినా ఇప్పుడు అది వేరే రాష్ట్రమే.

చదువు విషయంలో మీరు గట్టిగా ఉండండి, ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా ఆర్డర్ పెట్టకూడదు. బీటెక్ వద్దంటే బలవంతం చేయకండి గానీ, హైదరాబాద్ మాదాపూర్‌లో నిఫ్ట్ అనే ఫ్యాషన్ కాలేజీ ఉంది, అక్కడ నిట్‌వేర్ డిజైన్‌లో నాలుగేళ్ల డిగ్రీ ఉంది, టీషర్టు, హుడీ రెండూ నిట్ బట్టే (దారాన్ని అల్లి చేసే బట్ట) కదా, అంటే వాడు అడుగుతున్న పనే అక్కడ చదువు. ఎంపీసీ కాబట్టి బట్టల తయారీ టెక్నాలజీ వైపు ఉండే బీఎఫ్‌టెక్‌కి కూడా అర్హత ఉంటుంది. ఎంట్రన్స్ నోటిఫికేషన్ కోసం ఇప్పటినుంచే చూస్తూ ఉండమనండి.

నాన్నగారికి లోగో చూపించకండి, ఆ 225 లెక్క రాసిన కాగితం చూపించండి, షాపు నడిపే మనిషి కాబట్టి ఆయనకి మార్జిన్, రిటర్న్, స్టాక్ ఎవరూ నేర్పక్కర్లేదు, బాబు ఆయన పక్కన కూర్చుని ఆ లెక్క తనే చెప్తే ఆయన వింటారనే నా నమ్మకం. శాంపిల్ వచ్చాక ఉతక్కముందు ఫోటో, ఉతికాక ఫోటో రెండూ నాకు పంపమనండి, చూసి చెప్తాను.