చదువరుల చావడి: రాబోయే పుస్తకానికి పడిగాపులు

ఈసారి తిరుపతి, చిత్తూరుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటిది ఒకటే ఆరాటం. యంగ్ అడల్ట్ (టీనేజీ పాఠకుల) ఫాంటసీ, డిస్టోపియన్ (చెడిపోయిన రేపటి లోకాన్ని ఊహించే) నవలల్లో తరవాతి భాగం ఎప్పుడొస్తుంది, మన చేతికెలా అందుతుంది అని. నిజానికి 'ఎప్పుడు' దగ్గర కాదు, 'ఏ కూర్పు' (ఎడిషన్) దగ్గరే మనవాళ్లు డబ్బు పోగొట్టుకుంటున్నారు. అందుకే మొదటి జవాబు కాస్త సాగింది.

ప్రశ్న: నేను ఎదురుచూస్తున్న ఫాంటసీ సిరీస్ మూడో భాగం ఒక సైట్‌లో డిసెంబరు 31న అనీ, ఇంకో సైట్‌లో మార్చిలో అనీ చూపిస్తోంది. పేజీలు ఒకచోట 400, మరోచోట 512. ధరలోనూ చాలా తేడా ఉంది. ప్రీ ఆర్డర్ పెట్టేయనా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, భవానీ నగర్, తిరుపతి

జవాబు: ఆగు. ఏడాది చివరి రోజు కనబడితే చాలాసార్లు తేదీ ఇంకా ఖరారు కాలేదనే అర్థం. అమ్మకాల జాబితాలో తేదీ గడి ఖాళీగా వదలకూడదు కాబట్టి ఏదో ఒకటి వేసి ఉంచుతారు. వారం చూసినా కొంత తెలుస్తుంది. అమెరికాలో కొత్త పుస్తకాలు ఎక్కువగా మంగళవారం, బ్రిటన్‌లో గురువారం వస్తాయి. నీకు కనిపించిన తేదీ ఆదివారం పడిందంటే దాన్ని నమ్ముకుని సెలవు పెట్టకు. ముఖచిత్రం ఇంకా పెట్టలేదంటే పేజీల సంఖ్య కూడా అంచనాయే. అచ్చు ఫారాలు (ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీల కట్టలు) 16, 32 పేజీల లెక్కన మడతపడతాయి. 400 అయినా 512 అయినా 16తో భాగిస్తే సరిగ్గా పోతాయి కాబట్టి ఆ అంకెను బట్టి ఏదీ తేల్చలేం. రచయిత లేదా ప్రచురణ సంస్థ సొంత పేజీలో ప్రకటించిన తేదీనే లెక్కలోకి తీసుకో.

ధరలో తేడాకు కారణం వేరే ఉంది. ఇంగ్లీషు నవలల హక్కులు ప్రాంతాల వారీగా అమ్ముడవుతాయి. మన దేశం సాధారణంగా బ్రిటన్ కూర్పు కిందికి వస్తుంది. అమెరికా కూర్పు మనకు దిగుమతి సరుకు. కథ ఒకటే అయినా అట్ట వేరు, కొలత వేరు, ఐఎస్‌బీఎన్ (ఒక్కో కూర్పుకూ ఇచ్చే గుర్తింపు సంఖ్య) వేరు. బ్రిటన్‌లో హార్డ్‌బ్యాక్ విడుదలయ్యే రోజుల్లోనే, ఇంచుమించు అదే కొలతలో మెత్తని అట్టతో ట్రేడ్ పేపర్‌బ్యాక్ ఒకటి విదేశీ అమ్మకానికి తయారవుతుంది. మన దుకాణాల్లో కొత్త నవల మొదట కనిపించేది ఎక్కువగా ఆ రూపంలోనే. చిన్న పేపర్‌బ్యాక్ రావడానికి ఆ తరవాత ఏడాది దాకా పడుతుంది.

ఇప్పుడు స్కేలు తెచ్చి నీ దగ్గరున్న మొదటి రెండు భాగాల ఎత్తు కొలువు. 198 మిల్లీమీటర్లుంటే అవి చిన్న పేపర్‌బ్యాక్‌లు. 234 ఉంటే పెద్దవి. చిన్నవి పెట్టుకుని విడుదల రోజునే మూడోది తెప్పిస్తే అల్మారాలో అది మూడున్నర సెంటీమీటర్లు పైకి తేలుతుంది. అది నీకు పట్టనిదైతే ఏ గొడవా లేదు, వెంటనే తెప్పించుకో. పట్టేదైతే ఇంకో ఏడాది ఓపిక పట్టాలి, లేదా ఈ-బుక్ చదివేసి చిన్న కూర్పు వచ్చాక కొనాలి. మా ఓటు రెండోదానికే. విడుదలైన వారంలో చదవడానికని పెద్దది కొని, అల్మారా అందం కోసం మళ్లీ చిన్నది కొన్నప్పుడే ఖర్చు ఎక్కువవుతుంది.

ఆర్డర్ చేసేటప్పుడు పేరుతో కాకుండా ఐఎస్‌బీఎన్‌తో వెతుకు. 13 అంకెల సంఖ్య అది. హార్డ్‌బ్యాక్‌కు ఒకటి, పేపర్‌బ్యాక్‌కు ఒకటి, ఈ-బుక్‌కు ఇంకొకటి. 978 తరవాత 0 గానీ 1 గానీ ఉంటే ఇంగ్లీషు దేశాల ప్రచురణ, 81 లేదా 93 ఉంటే భారతీయ ప్రచురణ. నోటితో చెప్పి రాసుకున్నప్పుడు ఒక అంకె తప్పిందేమోనని అనుమానమొస్తే చూసుకునే దారి ఉంది. ఎడమ నుంచి మొదటి అంకెను 1తో, రెండోదాన్ని 3తో, మూడోదాన్ని మళ్లీ 1తో, ఇలా చివరిదాకా గుణించి కూడు. మొత్తం 10తో భాగింపబడాలి. 9780306406157 తీసుకుంటే మొత్తం సరిగ్గా 100 వస్తుంది. 97, 101 అంటూ వచ్చిందంటే ఎక్కడో రాత తప్పినట్టే.

ప్రీ ఆర్డర్ ఎక్కువగా చెడేది ఒక చిన్న విషయం దగ్గర: చిరునామా. ఆరు నెలల ముందు హాస్టల్ చిరునామా ఇచ్చి ఉంటావు, పుస్తకం బయల్దేరే వేళకు సెమిస్టర్ సెలవుల్లో ఊళ్లో ఉంటావు. విడుదలకు వారం ముందు చిరునామా, కార్డు గడువు, తేదీ ఈ మూడూ చూసుకో. తేదీ వెనక్కి జరిగితే కొన్నిచోట్ల ఆర్డర్ దానంతటదే రద్దవుతుంది, ఆ సందేశం స్పామ్‌లో పడి ఉంటుంది. అంచులకు రంగు వేసిన ప్రత్యేక ప్రతులైతే పెట్టె విప్పడం మొదలు పెట్టినప్పటి నుంచీ వీడియో తియ్యి. మూల నలిగి వస్తే మార్పిడికి అదే సాక్ష్యం.

ప్రశ్న: రోడ్డు పక్కన అమ్మే చోట కొత్త డిస్టోపియన్ నవల సగం ధరకే దొరికింది. 97వ పేజీ నుంచి 128 దాకా రెండుసార్లు ఉంది, 129 నుంచి 160 దాకా అసలు లేవు. దొంగ ముద్రణ అనుకోవచ్చా?
– పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ఆ ఒక్క లోపాన్ని చూసి అనుకోనక్కర్లేదు. 97 నుంచి 128 అంటే సరిగ్గా 32 పేజీలు. బైండింగులో ఒక ఫారం రెండుసార్లు పడి పక్కది జారిపోయింది. అసలు ప్రతుల్లోనూ ఇలా జరుగుతుంది. బిల్లుంటే మార్చి ఇస్తారు. దొంగ ప్రతిని పట్టించేవి వేరు. అసలు అట్ట మీద ఉబ్బెత్తుగా, మెరుపు రేకుతో ఉండే అక్షరాలు నకిలీలో చదునుగా, ఉత్త పసుపురంగులో ఉంటాయి. స్కాన్ చేసిన పేజీ నుంచి అచ్చు తీస్తారు కాబట్టి అక్షరాల అంచులు నూగునూగుగా కనిపిస్తాయి. పేజీ లోపలి అంచు మరీ ఇరుకై, నడుం బాగా విరిస్తే గానీ వాక్యం చివరి మాట అందదు. కాగితం పలచనై వెనక పేజీ కనబడుతుంది. ఐఎస్‌బీఎన్ సరిపోయిందని మురిసిపోకండి, అట్టతోపాటు దాన్నీ నకలు తీస్తారు. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు, కాబట్టి 'పన్ను లేకుండా ఇస్తున్నా, అందుకే చవక' అని ఎవరైనా అంటే నవ్వి ముందుకు నడవండి.

చవగ్గా కావాలంటే న్యాయమైన దారి పాత పుస్తకాలు. సంక్రాంతి రోజుల్లో చెన్నై పుస్తక ప్రదర్శనకు వెళ్తే పది శాతం తగ్గింపు ఆనవాయితీ. అయితే నిన్న మొన్న విడుదలైనవన్నీ అక్కడ దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: హంగర్ గేమ్స్ ఐదు పుస్తకాలూ చదవాలనుంది. కథాకాలం ప్రకారం చదవాలా, వచ్చిన వరసలోనా? ఇంటర్ పరీక్షలయ్యాక నలభై రోజులు ఖాళీ.
– ఇంటర్ విద్యార్థిని, గిరింపేట, చిత్తూరు

జవాబు: వచ్చిన వరసలోనే చదువమ్మా. 2008, 2009, 2010లో వచ్చిన మూడూ ముందు. తరవాత 2020లో వచ్చినది, చివర 2025 మార్చి 18న వచ్చినది. కథలో క్రీడలంటే పిల్లల్ని ఏటేటా ప్రాణాంతక పోటీకి దింపడం. 2020 పుస్తకం పదో క్రీడలది, 2025 పుస్తకం యాభయ్యో క్రీడలది, మొదటి నవల డెబ్బై నాలుగో క్రీడలది. కాలం ప్రకారం వెళ్తే 64 ఏళ్ల వెనక నుంచి మొదలుపెట్టాలి, అక్కడే చిక్కు. యాభయ్యో క్రీడల సంగతి రెండో నవలలో కొంచెంగా చెబుతారు. 2025 పుస్తకం దమ్మంతా నువ్వు అక్కడ విన్నదానికీ నిజంగా జరిగినదానికీ మధ్య తేడాలో ఉంది. ముందే ఇది చదివేస్తే ఆ తేడా నీకు తగలదు.

ఐదూ కలిపి సుమారు రెండు వేల పేజీలు. రోజుకు యాభై ఐదు చొప్పున చదివితే నలభై రోజులు సరిపోతాయి. మూడోది ముగిశాక రెండు రోజులు విరామం ఇవ్వు, అది తేలిగ్గా దిగే ముగింపు కాదు. 2025 నవల సినిమా 2026 నవంబరు 20న అని ప్రకటించారు, పుస్తకం ముందు చదవడమే మేలు.

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ప్రీ ఆర్డర్ చేయమంటున్న ఫాంటసీ పుస్తకం అట్ట చూస్తే పిల్లల పుస్తకంలానే ఉంది. తోటి ఉపాధ్యాయురాలేమో 'చూసి కొనండి మేడమ్' అన్నారు. ఏం చూడాలి?
– తల్లి, కొంగారెడ్డిపల్లె, చిత్తూరు

జవాబు: ఆమె చెప్పింది సబబే. అట్టలు ఇప్పుడు మోసం చేస్తున్నాయి. యంగ్ అడల్ట్ అంటే 12 నుంచి 18 ఏళ్ల పాఠకులు. న్యూ అడల్ట్ అంటే 18 దాటినవాళ్లు, అందులో శృంగార ఘట్టాలు దాపరికం లేకుండా ఉండొచ్చు. ప్రేమకథ ప్రధానంగా నడిచే రొమాంటసీ ఈ రెండు గదుల్లోనూ ఉంది, డ్రాగన్ బొమ్మ రెండింటి మీదా ఒకటే.

ముందు కథానాయిక వయసు చూడండి. పదహారు, పదిహేడు అయితే దాదాపు యంగ్ అడల్ట్. ఇరవై దాటితే అనుమానించండి. అమ్మకం పేజీలో పాఠకుల వయసు, వర్గం రాసి ఉంటాయి. అక్కడ 'యంగ్ అడల్ట్ ఫిక్షన్' అనే మాట లేకుండా ఉత్త 'ఫిక్షన్' అనో 'ఫాంటసీ, రొమాన్స్' అనో ఉంటే అది పెద్దల అరలోది. సమీక్షల్లో 'స్పైస్' అనే మాట కోసం వెతకండి. అది మిరప్పొడి సంగతి కాదు, పడగ్గది ఘట్టాల మోతాదు. రచయిత్రి ముందు పుస్తకం పిల్లలదే కదా అని ఊరుకోకండి, ఒకే రచయిత రెండు వర్గాలకూ రాస్తుంటారు. సిరీస్ లోపలే మూడో భాగానికి మోతాదు పెరగడమూ ఉంది.

హింస గురించి మీరు అడగలేదు గానీ, డిస్టోపియన్ నవలల్లో పన్నెండేళ్ల పిల్లలు చచ్చిపోతారు. అది ఆ వర్గం లోపలి విషయమే. ముందు మీరు యాభై పేజీలు చదవండి. వద్దనాల్సి వస్తే ఊరికే లాక్కోకుండా కారణం చెప్పండి, తొమ్మిదో తరగతి పిల్లకు అది అర్థమవుతుంది.

ప్రశ్న: విడుదల రోజు అర్ధరాత్రి అంటే ఎవరి అర్ధరాత్రి?
– పాఠకుడు, బాలాజీ కాలనీ, తిరుపతి

జవాబు: ఈ-బుక్‌ను ఇండియా స్టోర్‌లో కొన్నవాళ్లకు ఎక్కువగా మన తేదీ మారగానే దిగుతుంది. న్యూయార్క్ అర్ధరాత్రి అయితే మనకు వేసవిలో ఉదయం తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. లండన్ అర్ధరాత్రి అయితే వేసవిలో తెల్లవారి నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర. కథ ముందే బయటపడకూడదంటే రెండు రోజుల ముందే ఫోన్‌లో పుస్తకం పేరు, ముఖ్య పాత్రల పేర్లు మ్యూట్ చేసుకోండి. సిరీస్ పేరు ఒక్కటే చేస్తే చాలదు, చావు కబుర్లు పాత్ర పేరుతోనే వస్తాయి.

ప్రశ్న: కొత్త నవలలు గ్రంథాలయంలో పెట్టించుకోగలమా?
– డిగ్రీ విద్యార్థులు, చిత్తూరు

జవాబు: అడగండి. మన రాష్ట్రంలో ఇంటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అంటే మీ ఇంటివాళ్లు ఇప్పటికే చందా కట్టారు. నోటిమాటగా కాదు, కాగితం మీద ఇవ్వండి: పేరు, రచయిత, ప్రచురణకర్త, పేపర్‌బ్యాక్ ఐఎస్‌బీఎన్, ధర, అడిగేవాళ్ల సంతకాలు. సిరీస్ అయితే మొదటి భాగం నుంచి అడగండి, మూడోది ఒక్కటే వచ్చి అరలో కూర్చుంటే ఎవరికీ పనికిరాదు. విడుదల రోజుకే దొరుకుతుందని మాత్రం అనుకోవద్దు. కొనుగోలు జాబితాకు ఆమోదం రావాలి, బడ్జెట్ ఉండాలి.

ప్రశ్న: తెలుగులో ఇలాంటివి ఎందుకు రావు? నేనే తిరుపతిని పెట్టి ఒక డిస్టోపియన్ నవల రాద్దామనుకుంటున్నా. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఎంఏ విద్యార్థి, తిరుపతి

జవాబు: ఫాంటసీ రాలేదనకండి. 1947లో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు నెలనెలా నడిచాయి. రాకాసిలోయ తరవాతి భాగం కోసం ఇంటిల్లిపాదీ నెల రోజులు ఆగేవాళ్లు. ప్రీ ఆర్డర్ అనే మాట లేదు గానీ, పడిగాపులు ఇవే. మనకు తక్కువైంది డిస్టోపియనే. ఆ మాట వయసు కూడా చిన్నదేం కాదు, 1868లో బ్రిటన్ పార్లమెంటులో తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ వాడారు.

తిరుపతి పెట్టుకుంటున్నారు కాబట్టి నీళ్లతో మొదలుపెట్టండి. 'నీళ్లకు కరువొచ్చింది' అని రాస్తే అది వార్త. లెక్క రాస్తే లోకం తయారవుతుంది. పాత గ్రామీణ నీటి పథకాల్లో మనిషికి రోజుకు 40 లీటర్లని కట్టారు: తాగడానికి 3, వంటకు 5, స్నానానికి 15, గిన్నెలకూ ఇంటికీ 7, కాలకృత్యాలకు 10. ఇప్పుడు జల్ జీవన్ మిషన్ లెక్క 55. మీ నవలలో ప్రభుత్వం 20 ఇస్తుందనుకోండి. స్నానం మొత్తం పోయింది, ఇంకో 5 లీటర్లు ఎక్కడ కోస్తారు? కాలకృత్యాల్లోనా, గిన్నెల్లోనా? ఒక్కో ఇల్లు ఒక్కో చోట కోస్తుంది, అక్కడే పాత్రలు పుడతాయి. ఏ వీధికి 20, ఏ వీధికి 135, ఆ గీత ఎవరు గీశారు, ఎవరు కొలుస్తారు? కొలిచే అధికారి కూతురినే కథానాయికను చేయండి, పదహారేళ్లు.

సాధారణంగా చెడేది మొదటి అధ్యాయం. లోకం ఎలా కూలిపోయిందో నలభై పేజీలు వివరించి పాఠకుణ్ని నిద్రపుచ్చుతారు. చరిత్ర తరవాత చెప్పొచ్చు. తిరుపతికి తాగునీరిచ్చే కల్యాణి డ్యాము ఎండిన కథ కూడా యాభయ్యో పేజీ దాకా ఆగగలదు. మొదటి పేజీలో ఆ అమ్మాయి బిందెలో నీళ్లు అడుగంటాయి, ఇంకా మధ్యాహ్నం పన్నెండు కూడా కాలేదు, అంత చాలు. అక్కణ్నుంచి మూడు అధ్యాయాలు రాసి పంపండి, చూస్తాం.