58 అని రిపోర్ట్ వచ్చిందని బుగులు వడ్డ తమ్మునికి

తమ్మీ, "అన్నా, రిపోర్ట్‌ల 58 వచ్చింది, మా బాపుకే ఎన్నడు 9 దాటలే" అని రాసినవ్ కద. ఇక్కడ ఇంగ్లండ్‌ల హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల షుగర్ సగటు, పర్సంటేజీల ఇయ్యరు. 48 అంటే మనకాడి 6.5, అక్కడ్నుంచి షుగర్ కింద లెక్క. నీ 58 అంటే 7.5 అటుఇటు, మీ బాపు కన్న నువ్వే నయం.

నాకు 2018ల బయటపడ్డది. చెప్పేటోడు ఎవ్వడు లేకుండె, మీకిప్పుడు అడిగితే చెప్పేటోల్లున్నరు. సొంతంగ మీటర్ కొని వంటింట్ల నిలబడి వేలు గుచ్చుకున్న, 11.2 అని చూపెట్టింది. వరంగల్‌ల 180, 200 చూసిన కండ్లాయె, మెషిన్ ఖరాబైందనుకోని ఇంకోటి కొన్న, పైసలు దండుగ, అది 11.4. ఫోన్‌ల చెప్తే అమ్మ "పదకొండేనా, మస్తు తక్కువున్నది, జెర అన్నం తిను బిడ్డా" అన్నది, తిన్న కూడ. ఆ అంకెను 18తోని గుణిస్తే మన లెక్క వస్తదని తర్వాతెప్పుడో ఆఫీసుల గుజరాతాయన చెప్పిండు, అంటే 200 దాటిందన్నట్టు. పైంగ ఇంటికాడికెల్లి పార్శిల్ వచ్చిన సకినాలు డబ్బ పక్కన పెట్టుకోని, ఇండ్ల చక్కెర లేదు కద అని మెక్కిన. బియ్యప్పిండి సంగతి మర్శిన.

షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ పరిగడుపున వేసుకోని కడుపు ఖరాబ్ చేసుకున్న, నా అంతల నేనే బంద్ పెట్టిన. నువ్వు తిన్నంక వేసుకో, పడకపోతే మెల్లగ కరిగే రకం ఉంటది, డాక్టర్‌ను అడుగు.

అసలు దెబ్బ పైసలకాడ తగిలింది. నాకు షుగర్‌దొకటి, కొలెస్ట్రాల్‌దొకటి, రెండు రకాల గోలీలు. అప్పుడు ఒక్కోదానికి 8.80 పౌండ్లు, నెలకు 17.60. పదకొండు నెలలు కట్టిన, 193.60 పౌండ్లు, అప్పటి రేటుకు 17 వేల పైమాటే, గంతల ఊర్లె మా ఇంటికి ఏడాది బియ్యం వచ్చు. ఒకనాడు మందుల షాపామె "మీరెందుకు కడుతున్నరు?" అన్నది. షుగర్‌కు మందు వాడేటోల్లకు ఇంగ్లండ్‌ల అన్ని ప్రిస్క్రిప్షన్‌లు ఫ్రీ అంట, కొలెస్ట్రాల్ గోలీ కూడ! ఎఫ్‌పీ92ఏ ఫారం నింపి సర్టిఫికెట్ తెచ్చుకోవాలె, ఐదేండ్లు నడుస్తది. ఉత్త పత్యంతోనే ఉన్నోల్లకు వర్తించది. స్కాట్లండ్, వేల్స్‌ల అయితే అందరికీ ఫ్రీయే. సర్టిఫికెట్ చేతికొచ్చేదాక కట్టాల్సొస్తే, కట్టేటప్పుడే పైసలు వాపసుకు ఎఫ్‌పీ57 రసీదు అడుగు, తర్వాత ఇయ్యరు. అది లేకనే నా పైసలు మునిగినయ్.

నువ్వు వీసాతోనే హెల్త్ సర్‌చార్జి కట్టినవ్, ఏడాదికి 1,035 పౌండ్లు, స్టూడెంట్‌వైతే 776. కట్టినంక వాడుకోవాలె కద! కండ్ల ఫోటోలకు, కాళ్ల చెకప్‌కు పిలిస్తే పో, పైసలడగరు. ఉత్త గోలీలోల్లకు స్ట్రిప్స్ మాత్రం మామూలుగ ఇయ్యరు, పూటపూటకు గుచ్చుకోని ఖర్సు పెంచుకోకు. యూట్యూబ్ చూసి కాకరకాయ పొడి తెప్పిస్తున్న అన్నవ్, ఆ కొరియర్ పైసలు కూడ మిగుల్చుకో. మిగతా రూల్స్ ఇక్కడి సర్కారు వైద్యం ఎన్‌హెచ్ఎస్ సైట్‌ల ఉంటయ్, సదువుకున్నోనివి, చూస్కో.

రేపు పొద్దుగాల 8 కొట్టంగనే సర్జరీకి, అంటే ఇక్కడి డాక్టర్ క్లినిక్‌కు, ఫోన్ కొట్టు, ఐదు నిమిషాలు లేటైతే లైన్ దొరకది. ఇంట్ల మాత్రం "సర్జరీకి పోతున్న" అనకు. నేనంటే మా అమ్మ ఆపరేషన్ అనుకోని భద్రకాళి గుడికి మొక్కింది.